నలభై ఒక్క రోజుల గాలి

మహారాజశ్రీ అచ్యుతరామయ్య మాస్టారి సముఖమునకు,

నమస్కారములు. తమకు తామే వ్రాసుకొను విన్నపము.

పైన తేదీ లేదు, ఊరి పేరు లేదు. ఆ రెండూ లేని ఉత్తరానికి ముప్పై మూడేళ్ల పాటు మార్కులు కోసినవాడిని. ఈవేళ నా చేత్తో నేనే వదిలేశాను. ఈ పుస్తకం ఎవరి కంటనైనా పడితే ఇది ఏ ఊరివాడిదో, ఏనాటిదో తెలియకూడదని.

వ్రాసిన మీదట చదువుకుంటే సిగ్గు వేసింది. దొంగ కూడా ఇంతకంటే ధైర్యంగా వ్రాస్తాడు. రేపటినుంచి తేదీ వేస్తాను.


విశాఖపట్నం, 28 జూలై 1985, ఆదివారం

నిన్న శ్రీరామ్మూర్తి నుంచి కార్డు వచ్చింది. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. ఇప్పుడు గాలినుంచి కరెంటు తీసే పథకంలో ఇంజనీరు. ఆఫీసు ద్వారకా నగర్‌లో.

"మాస్టారికి నమస్కారాలు. గాలిమరకు అనుమతి వచ్చింది. ఆగస్టు 11 ఆదివారం ఉదయం సభ పెట్టి, పునాదిలో కాంక్రీటు పోస్తాము. ఆనాడే మీ డాబామీది గాలిమాపకాన్ని దింపి, దాని మీటరును మీ రిజిస్టరుతో సరిచూసుకొని తీసుకొనిపోతాము."

కార్డులో రెండు అక్షరదోషాలు ఉన్నాయి. దిద్దలేదు.

వరసగా ఆలోచించుకోవాలి. కంగారుపడితే ఏ పాఠమూ నిలవదని పిల్లలకు చెప్పినవాడిని.

మా ఇంటి వెనక ఉన్న జాలరిపేట గవ్వలదిబ్బకు కరెంటు స్తంభాలు రావు. ఉక్కుకీ, రేవుకీ పోగా మిగలడం లేదని పన్నెండేళ్లుగా చెబుతున్నారు. ఫిషింగ్ హార్బరులో ఐసు కొనే స్తోమతు అక్కడి ఆడవాళ్లకు లేదు. చేపను మధ్యాహ్నం లోపల అడిగిన ధరకు అమ్ముకోవాలి, లేదా ఎండబెట్టుకోవాలి. గాలిమర లేస్తే ఆ కరెంటుతో ఐసు గది నడుస్తుంది, చేప నిలుస్తుంది, ధర నిలుస్తుంది, పేట ఎదుగుతుంది. ఇది నేను వాళ్ల మధ్య నిలబడి చెప్పిన మాట. "ఎన్నటికీ తరగని శక్తి" మీద అరగంట మాట్లాడాను. ఒక్క అపశబ్దం దొర్లలేదు. చివర ఆ పేటలో చేపలమ్ముకునే కాశమ్మ లేచి, "మేస్టారు సెప్పారంటే మరేటుంది?" అన్నది. తరాలుగా చేపలు ఎండబెట్టుకునే నేలను గాలిమరకూ ఐసు గదికీ ఇచ్చేశారు.

వాళ్లు ఇచ్చింది నా మాట మీద. అనుమతి వచ్చింది నా అంకెల మీద.

అంకెల్లో దోషం లేదు.


29 జూలై, సోమవారం

అంకెల్లో దోషం లేదు అని నిన్న వ్రాశాను. ఈ పుస్తకం నాకు తప్ప ఎవరికీ కాదు గదా, మరి ఎవరికోసం వ్రాసినట్టు?


31 జూలై, బుధవారం

వ్రాసేస్తాను.

మా డాబామీద ఇనపకమ్మికి నాలుగు గిన్నెలు తిరుగుతుంటాయి. కింద పెట్టెలో టాక్సీకి ఉన్నట్టు మీటరు ఉంటుంది. ఎంత గాలి పోయిందో కిలోమీటర్ల లెక్కన కూడుకుంటూ పోతుంది. వెనక్కి తిరగదు. రోజూ ఉదయం ఏడు గంటలకు ఆ అంకె చూసి రిజిస్టరులో వేయాలి. ఏడాది సగటు గంటకు పన్నెండు కిలోమీటర్లు దాటితేనే గాలిమర. తగ్గితే మరో తీరం వెతుక్కుంటారు.

కిందటి అక్టోబరు పన్నెండున నా కుడికన్ను శుక్లం తీశారు. కట్లు విప్పి మెట్లు ఎక్కనిచ్చింది నవంబరు ఇరవై రెండున. మధ్యలో నలభై ఒక్క రోజులు.

"చూడలేని రోజు గడి ఖాళీగా వదిలేయండి మాస్టారూ, ఏం ఫర్వాలేదు" అని శ్రీరామ్మూర్తి మొదటిరోజే చెప్పాడు. నా రిజిస్టరులో ఖాళీ! ఇన్‌స్పెక్టరు వచ్చే ముందునాడు హాజరుపట్టీ నింపి పెట్టని బడి ఉంటుందా? పొలం పనులకు పోయిన పిల్లలందరినీ ఒక్క సాయంత్రంలో బడికి తెప్పించిన కలం ఇది. అందులోనూ ఒక పద్ధతి ఉంది. అందరికీ నూటికి నూరు వేస్తే ఇన్‌స్పెక్టరు పసిగడతాడు. అక్కడక్కడ ఒకడికి జ్వరం రావాలి, ఒకడి ఇంట్లో పెళ్లి జరగాలి.

ఆ పద్ధతిలోనే మంచంమీద పడుకుని ఒంటికంటితో నింపాను. సెప్టెంబరులో రోజుకు మూడు వందల కిలోమీటర్ల గాలి వీచింది గనుక ఒకరోజు రెండు వందల తొంభై రెండు, ఒకరోజు మూడు వందల పదకొండు. ఒక సోమవారం రెండు వందల నలభై వేసి, సముద్రం కాస్త అలిసిందనుకున్నాను. నకళ్లు పోస్టులో పంపించాను.

నవంబరు ఇరవై రెండున మేడ ఎక్కి చూద్దును గదా, మీటరు నా అంకె కంటే ఏడువేల మూడు వందల ఎనభై వెనకబడి ఉన్నది.

యంత్రం పట్టేసి ఉంటుందనుకున్నాను. గిన్నెలు తిప్పి చూశాను. అప్పుడే నూనె వేసినట్టు తిరిగాయి. అయినా పట్టేసి ఉంటుందనే అనుకున్నాను.

ఆనాటినుంచి ప్రతి ఉదయమూ మీటరు చూడడం, దానికి ఏడువేల మూడు వందల ఎనభై కలపడం, వ్రాయడం. ఎనిమిది నెలలు దాటింది. ఈమధ్య కలుపుతున్నానన్న సంగతి కూడా గుర్తుండడం లేదు. చేయి దానంతట అది కలిపేస్తున్నది.

పదకొండో తేదీన మీటరు దింపి నా పుస్తకం పక్కన పెడతారు.


1 ఆగస్టు, గురువారం

తెల్లవారగానే కింద గదిలోంచి తీగ లాగి, టేబుల్ ఫాను డాబామీదికి తెచ్చాను. గిన్నెల ఎదురుగా పీటమీద పెట్టి మీట నొక్కాను. గిన్నెలు తిరిగాయి. మీటరులో చివరి అంకె కదిలింది. నా ప్రాణం లేచివచ్చింది.

కాశమ్మ కుళాయి నీళ్లకు వచ్చి, పెరట్లోంచి తల పైకెత్తింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. గొంతు రేవుదాకా వినపడుతుంది.

"ఏటి మేస్టారూ, గాలికే గాలి ఇసుర్తన్నారా?"

"యంత్రంలో తేమ చేరింది. ఆరబెడుతున్నాను."

"తేమైతే ఎండలో ఎట్టాల గానీ ఫానెట్టుకుంటారేటి? మా తడిక మీద పడేయండి. సేపల్తోపాటు తిరగేత్తాను, సాయంత్రానికి గల్లుమంటాది."

లోపలినుంచి మా సూర్యకాంతమ్మ నవ్వు వినిపించింది. తరవాత, "ఏవండీ, ఉన్నది ఒక్క ఫాను. దానికి ముందు నా మొహం ఉంది, గుర్తుంచుకోండి" అన్నది.

నేనూ నవ్వాను. ఫాను మాత్రం ఆపలేదు.


2 ఆగస్టు, శుక్రవారం

రెండు గంటలకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఇంకా ఏడువేల మూడు వందల యాభై రెండు.


3 ఆగస్టు, శనివారం

రాత్రింబగళ్లు ఆపకుండా ఫాను తిప్పినా ఇరవై రోజులు పైన పడుతుంది. ఉన్నవి ఎనిమిది. ఐదో తరగతి లెక్క. మళ్లీ చేశాను. మళ్లీ అంతే వచ్చింది.

వాన పడింది. ఫానుకు గొడుగు పట్టుకుని గంటసేపు నిలబడ్డాను.

కరెంటు పుట్టించబోయే గాలి కోసం కరెంటు ఖర్చుపెట్టి గాలి పుట్టిస్తున్నాను. మరొకడెవరైనా ఇలా చేస్తే తరగతిలో చెప్పి పిల్లలను నవ్వించి ఉండేవాడిని.


4 ఆగస్టు, ఆదివారం

ఇంట్లో కూర్చోలేక దిబ్బకు వెళ్లాను. వెళ్లకుండా ఉండవలసింది.

ఆడవాళ్లు చేపలు ఎండబెట్టే వెదురు తడికలు పీకి కట్టలు కడుతున్నారు. ఎక్కడ చూసినా గుంజలు పాతిన గుంటలు. కాశమ్మ అన్న అప్పలసూరి పక్కన కూర్చుని తెరచాప కుట్టుకుంటున్నాడు. అందరూ ఇంజను పడవలెక్కినా అతను తెరచాప తెప్పను వదలలేదు.

"రండి మేస్టారూ! మా గాలిని పెట్లో ఎట్టి కొలుత్తన్నది మీరేనంట గదా. రేపు ఎటేపు మళ్లుద్దో సెప్తే సాప అటే కట్టుకుంటాను."

"దిక్కు చూపదోయ్, వేగమే."

"దిక్కు తెలీకుండా ఏగం తెలిసి ఏటి లాభం బావూ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాశమ్మ తాడు బిగిస్తూ, "ఊరుకో అన్నా. మేస్టార్ని ఆడించకు. ఐసు గది వత్తే నీ సేపలూ అందులోనే ఎట్టాల" అన్నది. నావైపు తిరిగి, "కార్తీకం ఎప్పుడొత్తాదా అని కాసుక్కూకున్నాం మేస్టారూ" అన్నది.

"కార్తీకంలో ఏమున్నది?"

"ఏటి మేస్టారూ! ఇన్నేళ్లు మా ఎనకే కాపురముండి అదీ తెలీదా? ఏడాది సేపంతా ఆ నలభై రోజుల్లోనే గదా. గాలి పడిపోద్ది. సముద్రం పళ్లెంలో నీళ్లలాగుంటాది. ఎల్లిన ప్రతి తెప్పా నిండుగొత్తాది. ఐసు కావాల్సింది అప్పుడే."

గాలి పడిపోతుంది అన్నది. అంత తేలికగా అన్నది.

"మరి ఇంతకాలం ఏం చేశారు?" అని అడిగాను.

"ఎండేసేవోళ్లం. ఆ నెల్లో ఎండ బంగారం. ఈ ఏడు ఆ సాకిరీ లేదు గదా, మీరే సెప్పారు."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

యంత్రం పట్టేయలేదు. నేను పడుకున్న నలభై ఒక్క రోజులూ అది ఉన్నది ఉన్నట్టు చెప్పింది, గాలి లేదని. ఏడాదిలో అబద్ధం వ్రాయకూడని రోజులంటూ ఉంటే అవే. ఖాళీ వదిలి ఉంటే ఆ రోజుల మొత్తాన్ని మీటరే చెప్పేది. సగటు పదకొండున్నరకు దిగేది. గాలిమర మరో తీరానికి పోయేది. వీళ్ల తడికలు వీళ్లకుండేవి.

ఈ కార్తీకంలో తెప్పలు నిండుగా వస్తాయి. గాలిమర రెక్క కదలదు. ఐసు ఉండదు. ఎండ ఉంటుంది గాని, ఎండబెట్టడానికి నేల ఉండదు.


5 ఆగస్టు, సోమవారం

జ్వరం లేదు. మీటరు చూసి వచ్చి మళ్లీ పడుకున్నాను.


7 ఆగస్టు, బుధవారం

నిజం చెప్పేయాలని నిశ్చయించుకుని బస్సెక్కి ద్వారకా నగర్ వెళ్లాను. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. "నేను ఒక పొరపాటు చేశాను" అని మొదలుపెట్టాలా, "నా వల్ల ఒక పొరపాటు జరిగింది" అనాలా అని మద్దిలపాలెం దాకా తర్జనభర్జన పడ్డాను. మొదటిదే సరియైనదని తేల్చుకున్నాను.

శ్రీరామ్మూర్తి కుర్చీలోంచి లేచి కాళ్లకు దండం పెట్టాడు. చేయి పట్టుకుని పై అధికారి గురునాథరావు గారి గదిలోకి తీసుకుపోయాడు.

"ఈయనే సార్ మా అచ్యుతరామయ్య మాస్టారు. పదిచోట్ల రిజిస్టర్లు పెడితే ఒక్క గడి ఖాళీ లేనిది మాస్టారిదొక్కటే. కంటి ఆపరేషను అయినా ఒక్కరోజు మానలేదు సార్!"

గురునాథరావు గారు పెద్దమనిషి. నాకు కుర్చీ చూపించి, "శక్తి వాడకం పెరగనిదే ఆదాయం పెరగదు మాస్టారూ. ఏ దేశం లెక్క తీసినా అంతే. అయితే బొగ్గు తరిగిపోతుంది, గాలి తరగదు. గవ్వలదిబ్బను మేము లోకానికి చూపించబోతున్నాం" అని ఒక కాగితం నా ముందుకు జరిపారు.

పేట వివరాల ఫారం. చేతివ్రాత నాదే. "ప్రస్తుత శక్తి వినియోగం" అన్న గడిలో సున్నా ఉంది. కరెంటు లేదు గనుక సున్నా అని కిందటేడు నేనే వేశాను. ఆ గుండ్రటి సున్నాకేసి చూస్తూ కూర్చున్నాను. ఏటా అన్ని చేపలను ఎండబెట్టిన ఎండ ఎక్కడికి పోయింది? అప్పలసూరి తెరచాపను నెట్టిన గాలి ఎక్కడికి పోయింది? వాళ్లు పుట్టినప్పటినుంచి తరగని శక్తితోనే బ్రతుకుతున్నారు. వాళ్ల దగ్గరికి పోయి తరగని శక్తిని గురించి అరగంట ఉపన్యసించినవాడిని నేను.

"ఇక్కడొక్క సంతకం చేయండి మాస్టారూ. పై అంకెలన్నీ యథార్థమని" అన్నాడు శ్రీరామ్మూర్తి.

చేశాను.

చేశాను. కింద గీత కూడా గీశాను.

కాఫీ తెప్పించారు. తాగాను. తిరుగు బస్సులో కండక్టరు మూడుసార్లు అడిగితే గాని ఎక్కడ దిగాలో చెప్పలేకపోయాను.


8 ఆగస్టు, గురువారం

కొబ్బరికాయ పడి మీటరు పగిలిందని చెప్పవచ్చు.

మా ఇంటికి రెండు ఫర్లాంగుల్లో కొబ్బరిచెట్టు లేదు.


9 ఆగస్టు, శుక్రవారం

ఉదయం ఫాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. కరెంటు కోత. గిన్నెలు రెండు చుట్లు తిరిగి అవీ నిలిచిపోయాయి. ఆకు కదలడం లేదు. వెనక దిబ్బమీద గడ్డపారల చప్పుడు. పునాది గొయ్యి తవ్వుతున్నారు.

సూర్యకాంతమ్మ మేడ ఎక్కివచ్చి పక్కన చతికిలబడింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమె దగ్గర ఇలా మాట్లాడలేదు. మొత్తం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆ నలభై రోజులూ మీ కంట్లో చుక్కలు వేసింది నేను. మీరు మంచం దిగలేదని నాకు తెలీదా? మంచంమీద కూర్చుని గాలి లెక్క వేస్తుంటే చూస్తూనే ఉన్నాను."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్తానండీ? మీరు దిద్దేవారే గాని దిద్దించుకునేవారు కాదుగా."

తరవాత, "జైల్లో పెడతారా?" అని మెల్లగా అడిగింది.

నాకు ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడు వచ్చింది. కాని విచిత్రం, దానికంటే ఆ గడ్డపార చప్పుడుకే ఎక్కువ భయం వేస్తున్నది.


10 ఆగస్టు, శనివారం

గొయ్యి నా ఎత్తు ఉంది. అడుగున ఉప్పునీరు ఊరుతున్నది. సిమెంటు బస్తాలు దించి పట్టా కప్పారు. పీకేసిన తడికలు ఒకవైపు గుట్టగా ఉన్నాయి. వంటచెరకుకు పనికివస్తాయని ఎవరో రెండు కట్టలు అప్పుడే తీసుకుపోయారట.

కాశమ్మ గొయ్యి ఒడ్డున ఒక్కతే కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే లేవలేనేమోనని. నలభై ఒక్క రోజులు, మీటరు, కలుపుతూ వచ్చిన అంకె, కార్తీకంలో రెక్క తిరగదన్న మాట, నిన్నటి భయం, మొన్నటి సంతకం. మాటలు వరసలో రాలేదు. క్రియ ముందు, కర్త తరవాత, ఎలా వస్తే అలా వచ్చాయి.

ఆమె గోతిలోకి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే ఆ రోజు ఫానెట్టింది ఇందుకేనా?"

"అవును."

"మాకు సదువు రాదని మీ మాట మీద పీకినాం మేస్టారూ. మా యమ్మ పాతిన గుంజలు."

"తెలుసు."

"ఏటి తెలుసు మీకు?" అన్నది. అంతే. ఆ ఒక్కసారే గొంతు లేచింది.

తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, "మరి ఇది నాకొక్కదానికి సెప్తే ఏటౌద్ది?" అన్నది.

"నువ్వు వాళ్లందరికీ..."

"నాను సెప్తే ఎవులు నమ్ముతారు? ఐసు గది వత్తంటే ఏడిసి అడ్డం పడతన్నాదంటారు. మీరు సెప్పారని పీకినోళ్లు, మల్లీ మీరు సెప్తేనే పాతుతారు. రేపు మీటింగులో లెగిసి సెప్పండి."

"నా గొంతు లేవదు కాశమ్మా. ద్వారకా నగర్ దాకా వెళ్లి కూడా చెప్పలేకపోయాను. కాఫీ తాగి వచ్చాను."

ఆమె నావైపు చూసిన చూపులో కోపం లేదు. అంతకంటే కష్టమైనదేదో ఉంది.

"అయితే రాయండి. రాయడం వచ్చు గదా మీకు."


11 ఆగస్టు, ఆదివారం

ఉదయం ఆరు గంటలు. చిత్తుప్రతి వ్రాయకుండా ఒక్కసారే వ్రాశాను. కాశమ్మ కుళాయి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేతికిచ్చాను, ఇంజనీరు చేతిలో పెట్టమని. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం నా వశంలో లేదు. సూర్యకాంతమ్మ ఉతికిన పంచె తీసి పెట్టింది. గంటలో సభకు బయలుదేరాలి. ఆమె కూడా వస్తానంటున్నది. ఉత్తరాన్ని గుర్తున్నంతవరకు ఇక్కడ ఎత్తివ్రాసుకుంటున్నాను.

"ఇంజనీరు శ్రీరామ్మూర్తి గారికి, పెద్దలకు, గవ్వలదిబ్బ వాసులకు,

అచ్యుతరామయ్య నమస్కరించి వ్రాయునది.

కిందటి అక్టోబరు 12 నుంచి నవంబరు 21 వరకు నేను గాలిమాపకాన్ని చూడలేదు. ఆ నలభై ఒక్క రోజుల అంకెలు నేను మంచంమీద కల్పించినవి. ఆ తరవాత ప్రతిరోజూ మీటరు చూపినదానికి ఏడువేల మూడు వందల ఎనభై కలిపి వ్రాశాను. ఈ నెలలో ఫాను పెట్టి మీటరును తిప్పజూశాను. మీటరు నిజం, నా రిజిస్టరు అబద్ధం. సరిచూసుకోండి.

ఆ రోజుల్లో ఇక్కడ గాలి వీచదు. వీళ్లకు ఏడాదికి సరిపడా చేప పడేది ఆ రోజుల్లోనే. గాలిమర ఆగిపోయేదీ అప్పుడే. ఈ సంగతి ఇక్కడి ప్రతి ఆడమనిషికీ తెలుసు. మనం ఎవరమూ వాళ్లను అడగలేదు. వాళ్ల శక్తి వినియోగం సున్నా అని వ్రాసినవాడినీ నేనే. అది తప్పు. ఈ నేలమీద పడే ఎండతో వాళ్లు ఏడాదంతా తింటున్నారు. ఆ ఎండను లెక్కలో వేయండి. ఐసు కావాలంటే దానికి వేరే దారి వెతకండి. ఈ నేలను మాత్రం వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. గొయ్యి పూడ్చండి.

దీనికి బాధ్యుడిని నేనొక్కడినే. కంటి జబ్బు కారణం కాదు. ఖాళీ గడిని చూసి ఓర్వలేకపోయాను, అంతే. శిక్ష ఏదైనా సరే.

చివరిగా ఒక ప్రార్థన. ఈ ఉత్తరాన్ని మీలో మీరు చదువుకొని జేబులో పెట్టుకోవద్దు. నామీది గౌరవంతో అసలే వద్దు. సిమెంటులో నీళ్లు పోయకముందే, ఎవరినీ లేచి వెళ్లనివ్వకుండా, మొదటి మాట నుంచి నా పేరు దాకా ఏదీ వదలకుండా, గోతికి అవతల నిలుచున్న కాశమ్మకు వినపడేటంత గట్టిగా పైకి చదవండి. నేను ముందు వరసలోనే కూర్చుని ఉంటాను."